రెండో చుక్క

శుక్రవారం వచ్చిందంటే చాలు, బంగారయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, ఉక్కు ప్లాంటు పక్కన తెలుగువాళ్ళ బస్తీ ఖుర్సీపార్‌లో షేర్ ఆటో ఎక్కి, మాల్‌లో మ్యాట్నీకి వెళ్ళాల్సిందే. సినిమా ఏదైనా సరే. పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. డెబ్భై రెండేళ్ళ బ్రహ్మచారి మరి. ఇంటికెళ్తే ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ.

అందరూ బొమ్మ చూస్తారు, ఈయన తెర కుడివైపు పైమూల చూస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళు టాకీసులో ఆపరేటర్‌గా చేసిన అలవాటు. రీలు అయిపోబోతోందనగా ఆ మూల చిన్న చుక్క పడేది. వెంటనే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లకి రెండో చుక్క. అప్పుడు మొదటిదాన్ని మూసి రెండోదాన్ని తెరవాలి. తప్పిందా, తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. బంగారయ్య ఒక్కసారీ తప్పలేదు. అందుకే ఒక్క సినిమా కూడా సరిగ్గా చూడలేదు!

అయినా సినిమా ఎలా మారిందో ఆయన్నే అడగాలి. నలుపు తెలుపుల కాలంలో హీరోయిన్ ఏడిస్తే, ఆయన టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కెమెరా ఆ మొహం మీంచి కదిలేది కాదు. జనమూ అంతే, ఒకళ్ళనొకళ్ళు తీరిగ్గా చూసుకునేవారు. తర్వాతెప్పుడో ఒక హిందీ సినిమా కెమెరాని అమాంతం హీరో కళ్ళలోకి తోసింది. ఆ నెలంతా ప్లాంటు కుర్రాళ్ళు గేటు దగ్గర కళ్ళు చిట్లించుకునే తిరిగారు. సినిమాస్కోప్ వచ్చి, వెడల్పు తెర కోసం టాకీసు గోడ కొట్టించింది. ఇప్పుడో, రెప్ప వేసేలోపు మూడు మొహాలు. రీళ్ళు లేవు, చుక్కలూ లేవు. మిషను తనంతట తనే నడుచుకుంటుంది, ఆపరేటర్‌తో పనేముంది?

ఆ చుక్క తెర మీదే పడేదనుకునేరు. ఖుర్సీపార్‌లో ఆకాశం మూలా పడేది, గోడ మూలా పడేది. ప్లాంటులో చేసే గోవిందరావుకి ప్రమోషన్ కాగితం అందేముందు రేషన్ షాపు మీద పడింది. పక్కింటి కల్యాణి వంటింట్లో పాము దూరేముందు అటక మీద పడింది. "చుక్క పడిందే, చెప్పులేసుకో" అనేవారు, వర్షం చినుకు పడ్డట్టు. రెండో చుక్క పడేలోపు మనిషి ఏం చేస్తే అదే తర్వాతి రీలు.

బంగారయ్యకి ఒక్కసారే పడింది, నలభై ఏళ్ళ కిందట. ఇంటర్వెల్‌లో సమోసాలమ్మే జోగమ్మ, మెట్లెక్కి కేబిన్‌లోకి టీ తెచ్చింది.

"రేపు నన్ను చూసుకోడానికి వస్తన్నారట. ఏటి చెప్పమంటావు?" అంది.

అప్పుడు కేబిన్ గోడ మూల చుక్క పడింది. ఖర్మ చూడండి, సరిగ్గా అప్పుడే తెర మీదా పడింది! బంగారయ్య తెర వైపు తిరిగాడు. రీలు కుదుపన్నది లేకుండా మారింది. వెనక్కి తిరిగేసరికి టీ గ్లాసు ఉంది, జోగమ్మ లేదు. నెల తిరక్కుండా పెళ్ళై ఊరికి ఆ చివర రిసాలి వెళ్ళిపోయింది. ఆయన బతుకు మాత్రం ఆనాటి నుంచీ తెల్లతెరే. ఈల వేసేవాడు కూడా లేడు.

ఈ శుక్రవారం పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు.

"బంగారయ్యా? నువ్వేనేటి!"

"జోగమ్మా! నువ్వు సినిమాకా?"

"సమోసాలమ్మినన్నాళ్ళూ ఇంటర్వెల్ తప్ప ఏటి చూశాను? వెళ్పోయే ముందు ఒక్కటైనా మొత్తం చూద్దామని."

"వెళ్పోడమేటి?"

"ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ఇక్కడెవరున్నారు నాకు? రేపు విశాఖ బండికి విజయనగరం, తమ్ముడి దగ్గరికి. ఇంక రాను."

బంగారయ్య తెర వైపు తిరిగాడు. తెర మీద కార్లు ఎగిరాయి, మొహాలు పరిగెత్తాయి. ఇంతలో, రీలే లేని ఆ బొమ్మ మీద, కుడివైపు పైమూల, నల్లగా చుక్క పడింది.

"చుక్క పడింది భయ్యా! కిస్‌కా హై, ఎవరిది?" అన్నారెవరో వెనక నుంచి. అందరూ చెప్పులు వెతుక్కున్నారు.

బంగారయ్య కుడిచెయ్యి అలవాటుగా మోటారు స్విచ్చి కోసం వెళ్ళింది. మోటారెక్కడుంది? జోగమ్మ చెయ్యి దొరికింది. కళ్ళేమో మూలనే పట్టుకుని వేలాడుతున్నాయి, ఇంకో చుక్క పడాలిగా! మెడ పట్టేసినవాడిలా కష్టపడి వాటిని ఇటు తిప్పాడు. ముక్కుపుడక, నెరిసిన కనుబొమలు, పెదవి మీద పాప్‌కార్న్ పొట్టు. పాతకాలం కెమెరాలా చూశాడు, కదలకుండా.

"వద్దని చెప్పు" అన్నాడు.

"ఎవరికి?"

"రేపు చూసుకోడానికి వస్తున్నవాళ్ళకి."

"ఇంతసేపు పట్టిందేటి?" అంది జోగమ్మ, చెయ్యి తీసుకోకుండానే.

"రీలు మార్చాల్సొచ్చింది."

రెండో చుక్క పడిందని హాలంతా కేక పెట్టింది. బంగారయ్య ఒక్కడే చూడలేదు.

మర్నాడు దుర్గ్ స్టేషన్లో విశాఖ బండి ఒక బెర్తు ఖాళీగానే కదిలింది. ఆ టైముకి ఖుర్సీపార్ బజార్లో బంగారయ్య ఇంకో కుర్చీ బేరమాడుతున్నాడు.