పక్కకు జరిపిన బొట్టు

టార్చి పళ్ల మధ్య కరిచిపెట్టుకుని, ఇంజను పక్కన గొంతుకూర్చుని, హన్మయ్య ప్లేటు మీది నంబరును మళ్లీ చదివాడు. వేలితో తడిమాడు. నంబరేమీ మారలేదు. మారదని తెలిసినా ఆయనకు మనసొప్పదు.

నాచారంలో చిన్న విమానాల ఇంజన్లు బాగుచేసే ఆ షెడ్డులో ఆయనను అనుమానాల హన్మయ్య అంటారు. అనరూ మరి! బోడుప్పల్‌లో ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి గుంజి చూసే మనిషి. ఏళ్లుగా ఎక్కే బస్సునే ఉప్పల్‌లో "నాచారం పోతదా?" అని అడిగి ఎక్కుతాడు. "నన్నన్న నమ్ముతవా?" అని భార్య సారలమ్మ అడిగితే నవ్వుతూ జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుంటాడు.

ఇవాళ్టి పని చిన్నదే. ఇంజన్లు తయారుచేసిన కంపెనీ సర్వీస్ బులెటిన్ పంపింది. ఫలానా నంబర్ల ఇంజన్లలో పిస్టన్ పిన్నులు నాసిరకానివి, విప్పి మార్చకుండా ఎగరవద్దు అని. ఈ ఇంజను ఒక పైలట్ శిక్షణ బడిది. రేపు విమానానికి బిగిస్తే ఎల్లుండి పిల్లలు ఎక్కుతారు. పిన్ను విరిగిందా, ఇంజను గాలిలోనే ఆగిపోతుంది. ప్లేటు మీది నంబరు మాత్రం బులెటిన్‌లోని నంబర్ల అంచుదాకా వచ్చి తప్పించుకుంది. విప్పనక్కర్లేదని ఇంజనీరు జనార్ధనరావు చీటీ రాసి, సంతకం పెట్టి, ఇంజనుకు కట్టేశాడు కూడా.

"గంత కొద్దిల తప్పిచ్చుకుంటదా?" హన్మయ్య గొణుక్కున్నాడు. రావుగారి మీదా అనుమానమే. ఇంజను తొందరగా పంపమని బడి యజమాని పొద్దున్నుంచీ ఆయనకు ఒకటే ఫోన్లు.

ఊడ్చే తారామణి వారంగా రాక షెడ్డంతా దుమ్ము. జ్వరమట. జ్వరమూ లేదు, పాడూ లేదు, హబ్సిగూడ హాస్టల్లో పని కుదుర్చుకుని ఉంటుందని హన్మయ్య లెక్క. తిట్టుకుంటూ తనే కిరోసిన్ గుడ్డతో ప్లేటు చుట్టూ జిడ్డు తుడిచాడు. జిడ్డు కింద, ప్లేటు అంచును ఆనుకుని, ఎర్రటి మరక కనిపించింది.

చేయి ఆగిపోయింది. కిందటి దసరాకు ఈ ఇంజను ఇక్కడే ఉంది. బడిలో చోటు లేదని మూలన పెట్టించారంతే. పనేమీ చేయలేదు గనక అప్పటి నంబరు రాసిన కాగితమూ లేదు. ఆయుధపూజ నాడు తారామణి నూనెలో కలిపిన కుంకుమతో యంత్రాలన్నిటికీ బొట్లు పెడుతూ దీని దగ్గరికొచ్చింది. ఆయన గయ్యిమన్నాడు.

"నంబర్ మీద పెడ్తవేంది తారా? కనవడొద్దా?"

"పండుగపూటన్న జర నవ్వరాదే అన్నా," అంటూ ఆమె బొటనవేలు పక్కకు జరిపింది. బొట్టు సగం ప్లేటు మీద, సగం ఇంజను మీద పడింది.

ఇంజను మీది సగం అలాగే ఉంది. ప్లేటు మీద, అంకెల గాడుల్లో కూడా, ఎరుపన్నదే లేదు. ఎవరైనా తుడిస్తే రెండూ పోవాలి కదా! టార్చి దగ్గరగా పెట్టాడు. ప్లేటును బిగించిన రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయి.

రావుగారు కూడా ఇందులో ఉంటే తన నౌకరీ గోవిందా. అయినా గుండె చిక్కబట్టుకుని పిలిచాడు.

"సార్, జర ఇటు రాండ్రి. గీ ప్లేటు మార్చిన్రు."

రావు వంగి చూశాడు, విన్నాడు, రివెట్టును గోటితో గీకాడు. ముఖం పాలిపోయింది.

"ఆ యజమాని నన్నే బుట్టలో వేశాడయ్యా!" అని సంతకం పెట్టిన చీటీని తెంపి చించేశాడు. "విప్పెయ్ హన్మయ్యా. వాడి సంగతి నేను చూసుకుంటాను."

ఈ పెద్దమనిషిని కూడా దొంగల్లో కలిపానే అని హన్మయ్య సిగ్గుపడ్డాడు. మధ్యాహ్నానికి ఇంజను విప్పితే ఒక పిన్ను మీద వెంట్రుకంత పగులు కనిపించింది. తారామణి రాగానే ఈ మాట చెప్పాలి, నీ బొట్టే పిల్లలను కాపాడిందని ఒప్పుకోవాలి అనుకున్నాడు.

విప్పిన భాగాలను కిరోసిన్‌లో కడుగుతుంటే గేటు దగ్గరి మహిపాల్ వచ్చాడు.

"అన్నా, తారక్క సచ్చిపోయిందట. పొద్దుగాల, దవాఖానల."

"నిజంగనే జరమా?" అనేశాడు హన్మయ్య.

మహిపాల్ వింతగా చూశాడు. "మరి అబద్ధమా అన్నా?"

హన్మయ్య కళ్లు తుడుచుకుని మళ్లీ గుడ్డ అందుకున్నాడు. పొద్దు గూకేదాకా కడిగాడు. విప్పిన ఇంజను పెంకు బల్ల మీద తెల్లగా తేలింది, ఒక్క చోట తప్ప. అక్కడ, ప్లేటు పక్కన, ఎర్రగా సగం బొట్టు.