మైనరుగారి ప్రయోగం

నా అసలు చదువు కెమిస్ట్రీ. దాని పక్కన మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, ఇంగ్లీషు భాషా సాహిత్యాలు తీసుకున్నానని చెప్పగానే ఇంట్లో అందరూ నన్ను ఎగాదిగా చూశారు. వచ్చిన భాషనే మళ్ళీ చదవడమేమిటని మేనత్త అడిగింది. మా అక్క భర్త, బావ అయితే ఆ రోజు నుంచీ నన్ను మైనరుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. పిలిస్తే పిలవనీ, నాకేం? కథలంటే నాకు ప్రాణం. రోజంతా గాజు గొట్టాల మధ్య గడిపేవాళ్ళు కథలు చదవకూడదని ఎక్కడ రాసుంది?

చిక్కల్లా మొదటి వ్యాసంతో వచ్చింది. అందులో గట్టెక్కకపోతే మైనర్‌లో చోటు ఉండదు. మాకిచ్చిన కథ చిన్నదే, చెల్లెలు చెబుతున్నట్టు ఉంటుంది. అక్క ఇల్లు వదిలి ఊరు వెళ్తుంది. చెల్లెలు గుమ్మంలో నిలబడుతుంది. టాక్సీ కదులుతుంది, అక్క వెనక్కి తిరిగి చూడదు. ఎందుకు చూడలేదో రాయమన్నారు.

మా ల్యాబులో ఒక పద్ధతుంది. ఏ ప్రయోగమైనా మూడుసార్లు చేస్తాం, మూడుసార్లూ ఒకే ఫలితం వస్తేనే నమ్ముతాం. చేసేవాళ్ళ ఇష్టాయిష్టాలు మధ్యలో వేలు పెట్టకూడదు. అందుకని బుద్ధిగా కథని ముగ్గురికి చెప్పాను. మేనత్త కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే పొగరు అని తేల్చేసింది. బావకి డ్రైవింగ్ స్కూలుంది. అద్దంలో కనిపిస్తుంటే తల తిప్పడం దేనికన్నాడు. అదే స్కూల్లో నేర్పే మా అక్క మాత్రం ఫోన్లో టాక్సీ కదిలే చోటు మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, రైలుకి టైమై ఉంటుందిలే అని ఫోన్ పెట్టేసింది. ముగ్గురివీ మూడు జవాబులు. ఉద్దేశం, పద్ధతి, పరిశీలనలు అని శీర్షికలు పెట్టి, చివర్లో ఈ కథ నమ్మదగినది కాదని తేల్చిపారేసి, దర్జాగా ఇచ్చి వచ్చాను.

ఇంగ్లీషు మేడమ్ తన గదికి పిలిపించారు. కుర్చీ మీద కూడా పుస్తకాలే ఉండటంతో నిలబడిపోయాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ నా కాగితాలు ముందుకు జరిపారు.

"ముగ్గురూ చెప్పారు, బాగుంది. మరి నువ్వేమంటావు?"

"నేను ప్రయోగం చేసేదాన్ని కదా మేడమ్. నేను ఇందులోకి రాకూడదండీ."

"రావాలమ్మా. రేపు మధ్యాహ్నానికి నువ్వు కనిపించే వ్యాసం ఇవ్వు. లేదంటే నీ పేరు తీసేయక తప్పదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో కూర్చుని కథ మళ్ళీ చదివితే ఇంకా మండింది. ముగ్గురికి ముగ్గురూ వెళ్ళినావిడ గురించే మాట్లాడారు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఒక్కరికీ పట్టలేదు. నాకు పట్టింది, ఎందుకంటే మా అక్క పెళ్ళయి వెళ్ళిన రోజు అలా నిలబడింది నేనే. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా రాయడం మొదలుపెట్టాను. మా అక్క మీద నాకున్న కోపమంతా తీసుకొచ్చి ఆ కథలో అక్కని కడిగిపారేశాను. వదిలి వెళ్ళడం అంత తేలికైన మనిషికి వెనక్కి చూసే పనేముంటుందని ముగించాను. రాశాక భలే హాయిగా అనిపించింది.

ఆ ఊపులోనే అక్కకి ఫోన్ చేశాను. ఎవరికో కారు నేర్పుతూ ఉంది, అయినా వింటానంది. మొత్తం చదివి వినిపించి, మెచ్చుకుంటుందేమోనని చూశాను. కారు పక్కకి ఆపమని ఎవరితోనో చెప్పింది.

"నేను చూశానే," అంది అక్క. "మలుపులో కారు ఆపించి, దిగి మరీ చూశాను. నువ్వప్పటికే తలుపేసేశావు."



"ఆ తలుపు వెనకాలే ఉన్నానక్కా. ఏడుస్తూ కూర్చున్నాను."

"నాకేం తెలుసే? నా మొహం చూడటం కూడా ఇష్టం లేదేమో అనుకున్నాను, ఇన్నాళ్ళూ."

ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం. కారు నేర్చుకోవడానికి వచ్చినాయన పాపం స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడట.

ఆ రాత్రే ఆఖరి వాక్యం కొట్టేసి ఇంకోటి రాశాను. మైనర్‌లో నా చోటు నిలబెట్టింది అదేనని మేడమ్ తర్వాత చెప్పారు. నేను రాసిందల్లా ఇంతే: అక్క వెనక్కి చూడలేదని చెబుతున్నది చెల్లెలు, కానీ ఆ పిల్ల గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో కథలో ఎక్కడా లేదు.