తనంతట తానే ఆగే బండి

మా మావయ్య యార్డులో బండ్లకి జబ్బులుండవు, అలవాట్లుంటాయి. ఆయిలు కారితే అది చెమట పట్టడం. పొగ వస్తే గొంతు సవరించుకోవడం. మట్టి తవ్వే పాత ఎక్స్‌కవేటర్లు కొని అమ్మడంలో జుట్టు నెరిసిన మనిషి. అయినా "పాడైంది" అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. పైగా ఆ మూడూ కొత్తవేనంటాడు.

ఆ యార్డుకి మెకానిక్‌ని నేను. మేనల్లుణ్ణి కూడా కాబట్టి తిట్లు రెండింతలు పడతాయి.

ఈమధ్య యార్డుకొచ్చిన ఓ పసుపు బండి పొద్దున లక్షణంగా పనిచేసేది. ఇంజన్ బాగా వేడెక్కాక, వేగం చూపించే ముల్లు టక్కున సున్నాకి పడేది. మరుక్షణం ఇంజన్ ఆగేది. కాస్త చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ముందు ముల్లు పడి తరవాత ఇంజన్ ఆగిందంటే, నేను మొదట అనుమానించేది స్పీడ్ సెన్సర్‌ని. వేలెడంత ఉంటుంది. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం పక్కన కూర్చుని దాని పళ్ళు లెక్కపెట్టి, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పడమే దాని ఉద్యోగం. ఆ లెక్క అందకపోతే కంప్యూటర్ డీజిల్ ఆపేస్తుంది. ఎదురుగా ఇంజన్ గిర్రున తిరుగుతున్నా సరే, తనకి కబురు రాలేదు కాబట్టి తిరగడం లేదనే దాని నమ్మకం. ఇలాంటి అధికారులు మనుషుల్లోనూ ఉన్నారు.

సెన్సర్ విప్పి తెచ్చి మావయ్య బల్ల మీద పెట్టి మీటరు తగిలించాను. అంకె సరిగ్గానే వచ్చింది.

"బాగానే ఉంది కదరా!"

"చల్లగా ఉంటే బాగానే ఉంటుంది మావయ్యా," అని దాన్ని ఆయన ముందు పొగలు కక్కుతున్న టీ గ్లాసులో ముంచాను. కాసేపటికి మీటరులో అంకె మాయమైంది. లోపల తీగ సన్నగా చిట్లింది, వేడి తగిలితే ఆ చీలిక విచ్చుకుంటోంది. ఇంతకంటే రుజువు ఏ కోర్టులోనూ దొరకదు.

మావయ్య గ్లాసులోకి తొంగిచూశాడు. "టీ పాడు చేశావు కదరా!"

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"కొత్త సెన్సర్ తెప్పిస్తాను," అన్నాను.

"దేనికీ? మా బావ బండి చూడ్డానికి రేపు పొద్దున్నే వస్తున్నాడు. పొద్దున చల్లగానే ఉంటుంది."

బావంటే అత్తయ్య వాళ్ళ అన్నయ్య. ఏళ్ళ కిందట మావయ్య ఆయనకి ఒక బండి అంటగట్టాడు. అది వాళ్ళ గేటు దాటి లోపలికి వెళ్ళింది, మళ్ళీ స్టార్ట్ కాలేదు. ఆనాటి నుంచి అత్తయ్యకి పుట్టింటి నుంచి ఒక్క ఫోన్ లేదు. ఇప్పుడు కోపం చల్లారిందో, బయట బండి దొరకలేదో, ఆయనంతట ఆయనే వస్తున్నాడు. ఈ బండి కూడా మొరాయిస్తే అత్తయ్యకి పుట్టిల్లు ఇక లేనట్టే. నన్ను పెంచి పెద్ద చేసింది ఆవిడ. పాతదాన్నే బండికి మళ్ళీ బిగించి, మావయ్యకి చెప్పకుండానే కొత్త సెన్సర్‌కి ఆర్డరు పెట్టేశాను.

మర్నాడు అత్తయ్య వాళ్ళన్నయ్య వచ్చాడు, బండెక్కి ఓ గొయ్యి తవ్వి చూశాడు.

"ఆపక్కర్లేదు బావా, అలా నడవనీ! రోజంతా నడిచినా దీనికి ఆయాసం రాదు," అన్నాడు మావయ్య.

సరిగ్గా అప్పుడే అత్తయ్య ఇంట్లోంచి వచ్చింది. "అన్నయ్యా" అని ఆగిపోయింది. ఆయన బండి దిగాడు. తరవాత ఇద్దరూ ఆ నడుస్తున్న ఇంజన్ పక్కనే నిలబడి మాటల్లో పడ్డారు. వదిన మోకాళ్ళు, పిల్లల చదువులు, కూలిన పెరటి గోడ, ఒకటా రెండా! ఆవిడ నవ్వుతోంది, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటోంది. ఎండ నెత్తికెక్కుతోంది. "లోపల కూర్చుని మాట్లాడుకోండి" అన్న మావయ్య గోడు వినేవాళ్ళు లేరు. ఆయాసం రాదని కోతలు కోశాక, బండి ఆపమనడానికీ ఆయనకి నోరు రాదు. అత్తయ్యని అంత సంతోషంగా చూసి ఎన్నేళ్ళయిందో! ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా, ఇంకాసేపు, ఇంకాసేపని మొక్కుకున్నాను.

ముల్లు పడింది. ఇంజన్ ఆగింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

మావయ్య రెప్ప కూడా వెయ్యలేదు. "ఏమవుతుంది బావా, కొత్త టెక్నాలజీ. సీట్లో మనిషి లేడని కనిపెట్టి, డీజిల్ ఆదా చేద్దామని తనంతట తానే ఆగిపోతుంది."

నాకు పొలమారింది. అత్తయ్య వాళ్ళన్నయ్య కళ్ళు మాత్రం మెరిశాయి. "మా డ్రైవరు బండి ఆన్‌లో వదిలేసి ఫోన్లో కబుర్లాడుతుంటాడు. నాకు ఇలాంటిదే కావాలి!" అని అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు.

బండి పంపే ముందురోజు కొత్త సెన్సర్ వచ్చింది. మావయ్య లేని సమయం చూసి మార్చేశాను. సాయంత్రం దాకా ఎండలో నడిపాను, ముల్లు బెదరలేదు. అత్తయ్య పుట్టింటిని నా చేతుల్తో నిలబెట్టానని ఆ పూట తెగ మురిసిపోయాను.

వారం తిరక్కుండానే ఆయన బండిని ట్రెయిలర్ మీదెక్కించుకుని తిరిగొచ్చాడు.

"అప్పుడు స్టార్ట్ కాని బండి ఇచ్చావు. ఇప్పుడు ఆగని బండి ఇస్తావా?" అని మావయ్య మీద విరుచుకుపడ్డాడు. "నలుగుర్నీ పిలిచాను, చూడండర్రా దీని తెలివి అని. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాను. ఆగితేనా!"

పాడై తిరిగొచ్చిన బండ్లని చాలా చూశాను. బాగైనందుకు తిరిగొచ్చింది ఇదొక్కటే.

"వీడే ఏదో కెలికుంటాడు," అని మావయ్య నా వైపు వేలు చూపించాడు. దాచి లాభం లేదనిపించింది. ముల్లు, తీగ, టీ గ్లాసు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆయన సాంతం విన్నాడు. "ఆగడం నా కళ్ళతో నేను చూశాను. నా కళ్ళు అబద్ధమా? ఆ పాతది మళ్ళీ పెట్టించు బావా. లేదంటే, మీకూ మాకూ ఇదే ఆఖరు," అని వెళ్ళి కార్లో కూర్చున్నాడు.

నిజం చెప్పి ఇల్లు కూల్చిన ఘనత నాదేనని ఏడుపొచ్చింది. షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నాను. వెనకే అత్తయ్య వచ్చి, పనికిరాని సామాను డబ్బాలో వెతికి, పాత సెన్సర్ బయటికి తీసింది.

"ఇదేనా?"

"అదే."

"నువ్వు చెప్పిందే నిజం కదూ?"

"నిజమే అత్తయ్యా. అది పెడితే ఇంజన్ వేడెక్కినప్పుడల్లా బండి ఆగిపోతుంది."

"ఎవరికైనా దెబ్బ తగులుతుందా?"

"తగలదు. మట్టి తోడే బకెట్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. పని చెడుతుంది, అంతే. నాలుగు రోజులకి ఈ ముచ్చట తీరిపోతుంది, ఇక ఆగినప్పుడల్లా మనింటికి ఫోన్ చేసి తిడతాడు."

ఆవిడ సెన్సర్‌కి అంటిన మడ్డి శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఫోన్ చెయ్యనీరా. బండి బాగుంటే ఎందుకు చేస్తాడు?"