అస్సోవే ఇంజను

గడను చక్రం పళ్ల సందులో దూర్చి, నేలమీద కాలు తన్నిపెట్టి, అస్సోవే ఒంటి బరువంతా దానిమీద వేశాడు. మూడో నంబరు ఇంజను బెత్తెడు కదిలింది. గడ ఊడదీసి పక్క సందులో దూర్చాడు. మళ్లీ బెత్తెడు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. జూలై నెల, పైన రేకుల కప్పు, పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు గానీ గోడమీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.

రోజూ ఇదే పని. పనిలేని ఇంజనుని తిప్పకుండా వదిలేస్తే లోపల బిగుసుకుపోతుంది. తిప్పాక చేతిపంపుతో నూనె ఎక్కించాలి. గాలి సిలిండర్లు నిండుగా ఉన్నాయో లేదో చూడాలి, ఎందుకంటే ఏనుగంత ఇంజను మామూలుగా లేవదు, లోపలికి గాలి ఒక్కసారిగా వదిలితేనే లేస్తుంది. చివర్లో గోడమీది డీజిల్ ట్యాంకు వైపు తలెత్తి చూడాలి. దాని ముల్లు నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది. ఇంజను నడవనప్పుడు డీజిల్ ఎందుకు తరుగుతుందని అతను దానికేసి రెండోసారి చూడడు. డీజిల్ నింపేది గోడవతలి మనుషులు, ఆ లెక్క వాళ్లది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోరింటాకు పెట్టిన గడ్డం. వేళ్ల మడతల్లో నూనె నలుపు, ఎంత తోమినా పోదు. వయసులో ఉన్నప్పుడు ఈ షెడ్డులో ఆరు ఇంజన్లూ ఒకేసారి మోగేవి, ఆ మోతకి రెండు చెవులూ పోయాయి. మా బల్బలా పేటలో మనుషులకి ఉన్న లోపం పట్టుకుని పేరు పెట్టడం మామూలే. కుంటి వాళ్లనీ మెల్ల వాళ్లనీ వదలం. అతన్ని అందరం చెవిటి అస్సోవే అంటాం. ఎదురుగానే అంటాం. అతనికి వినబడదు గనక బాధ లేదు, వినబడినా బాధపడే రకం కాదు.

ఎడారిలో ఒంటెలు కాచే ఇంట పుట్టి, కరువులో ఒంటెలు పోయాక రేవుకి నడిచొచ్చి, ఈ కరెంటు కేంద్రంలో నేల ఊడ్చేవాడిగా చేరాడు. తర్వాత నూనె పెట్టేవాడయ్యాడు. ఊరంతటికీ అప్పట్లో డీజిల్ కరెంటే. దాని ధరకి పేదవాళ్లు బల్బు వెలిగించడానికి కూడా జంకేవారు. మా ఇళ్లల్లో కొందరికి కరెంటు బిల్లు ఇంటద్దెని మించిపోయేది. ఫ్యాను తిరుగుతుంటే అది చల్లగాలిలా ఉండేది కాదు, జేబు చిరిగిన చప్పుడులా ఉండేది. ఆ తిట్లన్నీ అస్సోవే తిన్నాడు, ఇంజన్ల దగ్గర పనిచేసేది అతనే కదా అని.

తర్వాత ఇథియోపియా కొండల్లోంచి లైను వచ్చింది. అక్కడ నదుల నీటితో పుట్టే కరెంటు చవగ్గా వచ్చి పడింది. అప్పటికే హుషారుకి మేం నమిలే ఖాత్ ఆకు అక్కడిదే, తినే కూరగాయలు అక్కడివే, ఇప్పుడు కరెంటు కూడా వాళ్లదే అని కొందరు మూతి ముడిచారు గానీ బిల్లు చూసి నోరు మూసుకున్నారు. ఒకటొకటిగా ఇంజన్లు ఆగాయి. అయిదింటిని ముక్కలు చేసి ఓడలకెక్కించారు. లైను పోతే అక్కరకొస్తుందని మూడో నంబరునొక్కదాన్నీ ఉంచారు. లైను పోయి పావుగంట దాటితే దాన్ని లేపాలి. ఇది పాత ఆజ్ఞ, దాన్ని ఎవరూ మార్చలేదు. ఇన్నేళ్లలో లైను పోయినా అతను గడ పక్కన పెట్టేలోపే వచ్చేసేది.

ఆ చవక కరెంటుతో బాగుపడింది అస్సోవే పెళ్లాం హిబో. పిల్లలు ఎవరి కాపురాలకి వాళ్లు వెళ్లిపోయాక, ఎక్కడెక్కడి పైసలూ కూడగట్టి పాత ఫ్రీజరొకటి కొంది. చింతపండు రసంలో చక్కెర కలిపి, చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ముడేసి గడ్డకట్టించి వీధిలో అమ్ముతుంది. ఎండ పెరిగేకొద్దీ ఆమె బేరం పెరుగుతుంది. మొగుడి జీతం కన్నా ఆమె సంపాదనే ఎక్కువైపోయిందని పేటలో అందరికీ తెలుసు.

ఆ పొద్దున కూడా లహోహ్ రొట్టె మీద నెయ్యి రాసిస్తూ అతని ముఖానికి ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా నెమ్మదిగా దెప్పింది.

"ఈవేళైనా నా కరెంటు పోవాలని మొక్కుకుని బయల్దేరుతున్నావా?"

"నీ కరెంటేంటి, నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నట్టే. ముప్పయ్యేళ్లు నీ ఇంజను కరెంటుతో ఒక్క చల్లటి గుక్క తాగానా నేను?"

"పోతే నా ముసల్ది లేస్తుంది. అప్పుడు చూద్దువు నీ ఐసు ఎవరు కాపాడతారో."

హిబో నవ్వింది. అతను నిజంగానే మొక్కుకుంటాడని ఆమెకి తెలుసు. ప్రార్థన చేసి లేచేటప్పుడు అతని పెదాలు ఒక క్షణం ఎక్కువసేపు కదులుతాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ఇంజను ఊరికి పనికొచ్చి ఆగితే చాలు, తర్వాత దాన్ని ముక్కలు చేసుకున్నా అతనికి ఫరవాలేదు.

మిట్టమధ్యాహ్నం, ఖాత్ ఆకు ట్రక్కు వచ్చి ఊళ్లో మగాళ్లందరూ చేతిలో పని వదిలేసే వేళ, షెడ్డులో దీపాలు పోయాయి.

అస్సోవే పైకి చూశాడు. గోడ ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. తలుపు దాకా వెళ్లి చూశాడు. రేవులో క్రేను సగం ఎత్తిన పెట్టెతో ఆగి ఉంది. వచ్చి ఇంజను పక్కన నిలబడ్డాడు. గోడ గడియారం వంక చూస్తూ, నూనె పంపు కొడుతూ, పావుగంట గడిచేదాకా ఆగాడు. లైను రాలేదు. ఇదే ఆ రోజని అతనికి తెలిసిపోయింది. ఆ వేళప్పుడు ఊరంతా ఉడికిపోతోందని, తన పెళ్లాం ఫ్రీజరు మీద దుప్పట్లు కప్పుతోందని తెలిసినా సంతోషం ఆగలేదు.

గాలి వదిలాడు. నేల అదిరింది. చక్రం తిరిగింది, గిర్రున తిరిగింది. పొగ గొట్టం దగ్గర చెయ్యి పెట్టాడు. ఉత్త గాలి. చక్రం నెమ్మదించి ఆగింది.

రెండోసారి వదిలాడు. తిరిగింది, ఆగింది.

మూడోసారికి చక్రం సగం చుట్టు తిరిగి, వెనక్కి ఊగి నిలబడిపోయింది. సిలిండర్లలో గాలి అయిపోయింది. ఏం తప్పు చేశానా అని వాల్వులన్నీ తడిమి చూసుకున్నాడు. అన్నీ తెరిచే ఉన్నాయి.

షిఫ్టు అధికారి వాబేరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచి కుర్రాడే. నలభై దాటినా అస్సోవేకి కుర్రాడే. బుగ్గలో ఆకు ముద్ద ఉంది. నేల అదరడం తెలిసి వచ్చినట్టున్నాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు?"

"లేవట్లేదురా. డీజిల్ పైపులో ఏదో అడ్డుపడింది. గోడవతల ఎవరున్నారో పిలువు."

వాబేరి కదల్లేదు. బుగ్గలో ఆకు తీసి పారేశాడు. ముసలాయన ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా నిలబడి, పలికాడు.

"డీజిల్ లేదు."

"ముల్లు చూడు. నిండుగా ఉంది."

"ముల్లు పట్టేసింది బాబాయ్. ట్యాంకు ఖాళీ. రెండేళ్ల కిందటే తోడేసి, లైను వెళ్లని ఊళ్లకి పంపేశారు. దీంతో ఒక్క యూనిట్ తీసే డబ్బుతో కొండల్లోంచి నాలుగు యూనిట్లు కొనొచ్చట. ఎప్పుడో గంటసేపు ఊరు ఉక్కపోతకి ఉడికితే పోయేదేముంది అన్నారు పైవాళ్లు."

అస్సోవే అతని పెదాలనే చూస్తూ, మళ్లీ చెప్పమన్నట్టు చెయ్యి తిప్పాడు. వాబేరి మళ్లీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

"మరి నాకు చెప్పలేదే."

"చెబుదామనే వచ్చాను, చాలాసార్లు. నువ్వు పొద్దున్నే గడ పట్టుకుని దాన్ని తిప్పుతుంటే నోరు రాలేదు. తర్వాత ఇంక ఎలా చెప్పాలో తెలీలేదు."

ముసలాయన తిట్టినా బాగుండేదని వాబేరి తర్వాత మాతో అన్నాడు. అస్సోవే వాల్వులు ఒక్కొక్కటే మూశాడు. చక్రం మీద తన చేతి మరకలు పడ్డ చోట గుడ్డతో తుడిచాడు. ఆ పని అయ్యేసరికి లైను పోయి గంట దాటింది. అప్పుడు దీపాలు వెలిగాయి, ఫ్యాను తిరిగింది. కొండల్లో ఎవరో ఏదో సరిచేశారు. పని వేళ ఇంకా మిగిలి ఉండగానే అతను షెడ్డు తలుపు దాటడం అదే మొదటిసారి.

మా వీధిలో అతను బస్సు దిగేసరికి పండగలా ఉంది. గంట పైగా ఎండలో చచ్చి బతికాం మేం. రేకుల ఇళ్లల్లో పసిపిల్లలు సొమ్మసిల్లారు. కరెంటు వచ్చిన క్షణంలో అందరికీ ఒకే మాట తోచింది, చెవిటి అస్సోవే ఇంజను లేచింది అని. అబద్ధమని మాకేం తెలుసు. ఎదురింటి మూమినా పరిగెత్తుకెళ్లి అతని రెండు చేతులూ కళ్లకద్దుకుంది. మగాళ్లు వీపు తట్టారు. ఇన్నేళ్లూ అతన్ని తిట్టినవాళ్లే.

"కాదు," అన్నాడు అస్సోవే. "నాది కాదు."

ఎవరూ వినిపించుకోలేదు. అతనికి మా మాటలు వినబడలేదు, మాకు అతని మాట పట్టలేదు.

హిబో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం కూడా వెలిగిపోతోంది. దగ్గరికొచ్చి అతని భుజం పట్టుకుని, వెంటనే ఆగిపోయింది. ఇంజను నడిచిన రోజున అతని చొక్కా డీజిల్ పొగ కంపు కొట్టేది, ఇంట్లో అన్నం కూడా ఆ కంపే కొట్టేది. ఇప్పుడు చొక్కాలో చెమట వాసన తప్ప ఇంకేమీ లేదు. అతన్ని లోపలికి తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టింది.

"లేవలేదా?"

"డీజిల్ లేదంట. రెండేళ్లయిందంట."

హిబో అతని ఎదురుగా కూర్చుంది. ముప్పయ్యేళ్లుగా ఆ ఇంజనుని తిట్టిన మనిషి ఆమె. దాని మీద గెలిచానని రోజూ ఎగతాళి చేసిన మనిషి. ఇప్పుడు ఆ గెలుపు ఆమెకి అక్కర్లేకపోయింది.

"మరి రెండేళ్లూ రోజూ వెళ్లి ఏం చేశావయ్యా?"

"తుడిచాను," అన్నాడు.

వీధిలోంచి మూమినా కేకేసింది, మీ ఆయన బయటికి రాడేంటని. హిబో కళ్లు తుడుచుకుని ఫ్రీజరు తెరిచింది. సగం మెత్తబడ్డ ఐసు సంచులన్నీ బుట్టలో వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మా ఆయన అలిసిపోయాడు," అంది గట్టిగా. "గంటన్నర ఆ ముసల్దాంతో కుస్తీ పట్టాడు. అది లేవకపోతే మీరంతా ఈపాటికి ఆవిరైపోయేవాళ్లు. తీసుకోండి, ఈవేళ డబ్బులక్కర్లేదు."

నేనూ ఒకటి తీసుకున్నాను. ఆమె అబద్ధం చెప్పడం నేను ఎన్నడూ ఎరగను, ఆ రోజు కూడా అబద్ధమనుకోలేదు. వాబేరి వచ్చి చెప్పేదాకా మా వీధిలో ఎవరికీ తెలీదు. చెప్పాక మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

బుట్టలోకెల్లా గట్టిగా ఉన్న సంచి ఒకటి ఏరి, హిబో లోపలికి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని చెంపకి ఆనించుకుని, చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టిందనుకుని ఆమె తలుపు దగ్గరికేసి, పిల్లలకి మిగిలినవి పంచడానికి మళ్లీ వీధిలోకి వచ్చింది.

సాయంత్రం ప్రార్థనకి లేపుదామని వెళ్లినప్పుడు ఒళ్లు చల్లబడి ఉంది. ఆ ఎండలో, ఆ రేకుల కింద, అంత చల్లగా ఉండటం చూసి ముందు ఆమె ఐసు వల్లే అనుకుందట.

మేం నలుగురం వెళ్లి అతన్ని ఎత్తాం. చాప మీద చింతపండు నీళ్లతో ఆ సంచి ఉబ్బి ఉంది, హిబో వేసిన ముడి వేసినట్టే ఉంది.