ఆమెన్ అనేసరికి

బ్రూజ్ ఊరి సంతలో వాఫిల్స్ కాల్చే గోడెలీవ్‌కి గడియారం అక్కర్లేదు. ఇనప అచ్చు మూసి పరలోక ప్రార్థన మొదలుపెడుతుంది. ఆమెన్ అనేసరికి వాఫిల్ దోరగా కాలి ఉంటుంది. వాళ్లమ్మ నేర్పిన లెక్క అది.

ఆ ఉదయం మాత్రం వరసగా రెండు మాడిపోయాయి. ప్రార్థన మధ్యలో, తప్పు చేసినవాళ్లను క్షమిస్తున్నామనే మాట దగ్గర ఆమెకు నోరు పెగలక ఆగిపోతోంది. సంతలో ఆమె చోటు కాజేసి చీజ్ బండి పెట్టుకున్న వానెస్ ఎదురుగానే ఉన్నాడు మరి!

"ఏంటక్కా మాడు వాసన? కోపమింకా పోలేదా?" అన్నాడతను.

"నోర్ముయ్యరా, ప్రార్థనలో ఉన్నా!"

మూడోసారి పళ్లు బిగబట్టి ఆ క్షమించే మాట అనేసింది. ఆమెన్ దగ్గర అచ్చు తెరిస్తే బంగారు రంగు. దాన్ని తీసుకెళ్లి వానెస్ చేతిలో పెట్టింది.

"నీ మొహం చూసి క్షమించలేదురా, పిండి దండగైపోతోందని!"

"ఎందుకైతేనేం, ఆమెన్!" అన్నాడు వానెస్ నోటినిండా నములుతూ, రెండో చేత్తో తన బండిని ఆమె చోటులోంచి పక్కకు నెడుతూ.