ఎడమ జేబు

సంచిలో బరువైనవి అడుగున, పెళుసైనవి పైన. ఆ వరుస ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, టంకం పెట్టే ఐరన్, టంకం తీగ చుట్ట ముందు పడ్డాయి. వాటిమీద పాత బనీను మడత. ఆ మడతలో గాజు వాల్వులు, ఒక్కోదానికి విడిగా కాగితం చుట్టి, కోడిగుడ్లు సర్దినట్టు సర్దింది. ఆ పైన అన్నం డబ్బా, నీళ్ళ సీసా, జ్వరం మాత్రలు, తలనొప్పి మాత్రలు. చివరికి దుప్పటి కుక్కుతుంటే ఆయన తల దువ్వుకుంటూ అద్దంలోంచి చూశాడు.

"దుప్పటెందుకోయ్? సాయంత్రం బస్సుకి వచ్చేస్తాగా."

"బస్సు దారిలో ఆగిపోతే?"

"ఆగిపోతే దిగి తోస్తాం. దుప్పటి కప్పుకుని తోయమంటావా?"

ఆమె దుప్పటిని ఇంకో మడత వేసి మళ్ళీ కుక్కింది. ఆమె చిన్నప్పుడు తండ్రి బైండింగు దారం కొనుక్కొస్తానని చెప్పి వీధి మలుపు తిరిగాడు. పోయాడో, పారిపోయాడో ఈనాటికీ తెలియదు. ఉత్త చేతులతో వెళ్ళాడు, అంతవరకే గుర్తు. అందుకని ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఆమె సంచి నింపేది. సంచి నిండుగా ఉంటే దాన్ని మోసుకుని మనిషి తిరిగొస్తాడని ఏదో పిచ్చి ధైర్యం.

ఆయన పాత గిటారు ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. గాజు వాల్వులతో నడిచేవి, ఇద్దరు చెయ్యేస్తేగానీ నేల విడవనివి. ఊళ్ళో ఆయన పేరు ఒంటిచెయ్యి మెకానిక్. నిజానికి చేతులు రెండూ ఉన్నాయి. ఆ పెట్టెల్లో కరెంటు మామూలుది కాదు. ప్లగ్గు పీకేశాక కూడా లోపల చాలాసేపు పొంచి ఉంటుంది. ఒక చేతికి తగిలితే విదిలించి కొట్టి వదిలేస్తుంది. రెండు చేతులకీ తగిలిందా, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి గుండె మీదుగా నడుస్తుంది. అందుకని పని నేర్పిన గురువు మొదట్లో ఆయన ఎడమ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేవాడట. తువ్వాలు విప్పిన రోజున ఆ చెయ్యి తిన్నగా వెళ్ళి ఎడమ జేబులో దూరింది. పెట్టె తెరిచాడంటే ఇప్పటికీ అక్కడే కాపురం. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం అవిటివాడనుకుని స్పీకరు పెట్టె తామే మోసుకొచ్చి లోపల పెడతారు. వాళ్ళు చెమట తుడుచుకునేటప్పుడు ఆయన జేబులోంచి రెండో చెయ్యి తీసి టీ గ్లాసు అందుకుంటాడు. ఇన్నేళ్ళలో ఆ వేళాకోళం ఆయనకి ఒక్కసారీ పాతబడలేదు.

"జేబే ఎందుకు? వీపు వెనక పెట్టుకుంటే సరిపోదా?" అని పెళ్ళయిన కొత్తలో ఆమె అడిగింది.

"వెనకున్న చెయ్యి పిలవకుండానే వచ్చేస్తుందోయ్. జేబులో ఉన్నది బయటికి రావాలంటే కాస్త పెనుగులాడాలి. ఆ కాస్తలో బుద్ధి ముందొస్తుంది."

ఇవాళ వెళ్తున్నది పొరుగూరు, పెద్ద నాటకాల హాలు. అక్కడి పాత ఆంప్లిఫయరు మీట నొక్కితే చాలు బొయ్యిమని ఒకటే మోతట. రాత్రికి కచేరీ ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు కాపలావాడు ఆయన్ని కూలీ అనుకుని వెనక దారి చూపించాడు. ఆయన ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. ఆమెకు మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఈసారికని కొత్త ప్యాంటు కుట్టించింది.

"పాతదే బాగుందోయ్. నా ఒంటికి అలవాటు పడింది."

"దాని ఎడమ జేబు చిరిగి మోకాలి దాకా దారి పడింది. ఇవాళ కుట్టి పెడతా. అది వేసుకెళ్తే మళ్ళీ వెనక గుమ్మమే."

"ముందు గుమ్మమైనా వెనక గుమ్మమైనా వెళ్ళేది ఆ పెట్టె దగ్గరికే కదా."

అంటూనే కొత్తది తొడుక్కున్నాడు. జేబులు సాగిపోకుండా దర్జీ వాటి మూతులు పొడుగాటి కచ్చా కుట్లతో మూసి పంపాడు. ఆమె వంగి కుడి జేబు దారం పళ్ళతో కొరికి లాగేసి, రుమాలు మడిచి పెట్టింది. అంతలో వీధి చివర బస్సు హారన్ మోగింది. ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

"వెళ్తా."

"అదేం మాట?"

"సరే తల్లీ, వెళ్ళొస్తా. వెళ్ళి, వస్తా. చాలా? రాసిమ్మంటావా?"

బస్సు మలుపు తిరిగి, దాని పొగ కూడా పోయేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది.

షాపంటే ఇంటి ముందుగదే. గోడల పొడవునా స్పీకరు పెట్టెలు, మూలలు అరిగి, నల్ల రెక్సిను లేచిపోయి చెక్క కనబడేవి. ఆయన బల్ల కుడి పక్క, ఆమె బల్ల కిటికీ కింద. ఆమె పని కాగితం. ఎంత గొప్ప ఆంప్లిఫయరుకైనా చివరికి నోరు కాగితమే. స్పీకరు మధ్యలో గరాటులా ఉండే ఆ నల్ల కాగితం ఏళ్ళ తరబడి అదిరి అదిరి ఎక్కడో చిరుగుతుంది. ఆమె దానికి మాసిక వేస్తుంది. పెళ్ళికి ముందు పుస్తకాలు బైండు చేసే షాపులో ఉండేది. ఒకరోజు ఎవరో మనిషి చిరిగిన స్పీకరు చంకన పెట్టుకుని వచ్చి, నిఘంటువులకి వాడే పల్చటి కాగితం ముక్క దొరుకుతుందా అన్నాడు. ఎడమ చెయ్యి జేబులో ఉంది. అయ్యో పాపం అని ఆమే అతికించి ఇచ్చింది. అప్పుడా మనిషి రెండో చెయ్యి బయటికి తీసి, రెండూ జోడించి దణ్ణం పెట్టాడు. దొంగ సచ్చినోడు, అనుకుంది. తర్వాత వాణ్ణే చేసుకుంది.

ఇవాళ బల్ల మీద ఉన్నది గిటారు గుమస్తా స్పీకరు. బ్యాంకులో కూర్చునే పెద్దమనిషి, బొజ్జ మీద గిటారు ఆనించి ఆదివారాలు వాయిస్తాడు. చిరుగు అంచులు ఆమె తడి వేలితో సాపు చేసింది. నీళ్ళు కలిపిన జిగురు కుంచెతో రాసి, పల్చటి కాగితాన్ని ఒక వైపు నుంచి, తర్వాత రెండో వైపు నుంచి పరిచింది. మాసిక బరువైతే గొంతు మారిపోతుంది. పల్చనైతే మొదటి గట్టి తీగకే ఊడుతుంది. ఎంతో ఆమెకి చెప్పడం రాదు, వేళ్ళకి తెలుసు.

ఆ పని సాగుతుండగానే గుమస్తా తొంగి చూశాడు.

"అయిపోయిందా అక్కా?"

"పురిటి గది ముందు తిరిగినట్టు తిరుగుతారేం? సాయంత్రం రండి. ఆరాలి."

"ఆఫీసులో మనసు నిలవడం లేదక్కా."

"కొత్తది కొనుక్కోకూడదూ? చేత్తో పట్టుకుపోయేలాంటివి వచ్చాయిగా. ఈ గుండ్రాయి మోసి మోసి మీ నడుం పోయింది."

గుమస్తా స్పీకరు వంక చూశాడు. "కొత్తది నేను వాయించింది చెబుతుందక్కా. ఇది నేను వాయిద్దామనుకున్నది చెబుతుంది."

"మీ ఆవిడతో చెప్పండి ఆ ముక్క."

"చెప్పాను. దాంతోనే కాపురం చెయ్యమంది."

ఆమె నవ్వింది. గుమస్తా వెళ్ళాక బస్సు ఈపాటికి వంతెన దాటి ఉంటుందని తలపోసింది. ఆ వంతెన రెయిలింగు ఒకచోట విరిగి ఉంటుంది. దాటి ఉంటుందిలే అనుకుని కంచం ముందు కూర్చుంది. సయించలేదు.

మధ్యాహ్నం పాత ప్యాంటు ఒళ్ళో వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఎడమ జేబులోకి చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళు మోకాలి దగ్గర తేలాయి. గుడ్డ ఆయన పిడికిలి ఆకారంలోనే సాగి, అరిగి, జల్లెడయింది. పాత జేబు పూర్తిగా కత్తిరించేసి, దుప్పటి గుడ్డలాంటి గట్టి ముక్క తీసుకుని కొత్త జేబు కుట్టడం మొదలుపెట్టింది. సూదిలో దారం అయిపోయింది. కొత్త దారం ఎక్కించి, కొనని పళ్ళతో కొరికింది.

కొరికిన దారం నోట్లోనే ఉంది. పొద్దున్న కొరికింది కుడి జేబుది.

ఎడమది కొరకలేదు.

ఆమె లేచి నిలబడింది. సూది ఎక్కడో జారిపోయింది. దారమే కదా, ఆయన తెంపుకోలేడా, అనుకుంది. కొత్త బట్ట మీద చెయ్యి చేసుకోవడానికి జంకే మనిషి, పెళ్ళాం ముచ్చటపడి కుట్టించిందని ఇంకా జంకుతాడు, అని కూడా అనుకుంది. ఆయన సెల్లుకి చేద్దామంటే అది సొరుగులో పడుంది. దాని వల్ల స్పీకర్లో టిరిటిరిమని రొద వస్తుందని పనికి వెళ్ళేటప్పుడు వెంట ఉంచుకోడు. హాలు మేనేజరు నంబరు గోడ మీద రాసి ఉంది. చేసింది.

"ఉన్నాడమ్మా, స్టేజి మీదే ఉన్నాడు. పెట్టెలో తల దూర్చేశాడు. పిలవనా?"

"వద్దు, వద్దు!"

పెట్టెలో చెయ్యి ఉండగా ఆయన్ని పిలవకూడదు. అది ఆ ఇంటి చట్టం. ఇల్లంటుకున్నా సరే పిలవకు, నువ్వు బయటికి నడు, నేనొస్తా అనేవాడు. ఆ మాట ఆమె ఏనాడూ తప్పలేదు.

"బాబూ... ఆయన ఎడమ చెయ్యి ఎక్కడుందో కాస్త చూస్తారా?"

అవతల నవ్వు.

"ఎడమ చెయ్యా? ఉండాల్సిన చోటే ఉందమ్మా, భుజానికి! వీపు వెనక పెట్టుకున్నాడు. బళ్ళో పంతులుగారిలా."

"ఆయన లేచాక ఒక్క మాట చెప్పండి బాబూ. ఎడమ జేబు కుట్టు తెంపుకోమనండి. మరచిపోకండి. పనిలో ఉండగా మాత్రం కేకెయ్యకండి."

"జేబు కుట్టుకి ఫోనా అమ్మా! మా ఆవిడా ఇంతే, గొడుగు తీసుకెళ్ళానా అని ఆఫీసుకి చేస్తుంది. చెబుతాలెండి. టీకి లేస్తాడుగా."

ఆమెకి సిగ్గేసింది. ఫోను పెట్టేసి, కింద పడిన సూది కోసం వెతికింది. మళ్ళీ చేస్తే మేనేజరు విసుక్కుంటాడు. విసుగులో గట్టిగా పిలిచేస్తే? పిలిస్తే ఆయన ఉలిక్కిపడితే? ఫోను వంక చూస్తూ, దాన్ని ముట్టుకోకుండా, జేబు కుట్టింది. ఒక వరుస కుట్టి, దాని పక్కనే రెండో వరుస కుట్టింది. మూలల్లో ముడి మీద ముడి వేసింది. ఇంత గట్టి జేబు ఆ ప్యాంటుకి ఎప్పుడూ లేదు. దాన్ని ఆయన బల్ల పక్కన మేకుకి తగిలించాక కాస్త ఊపిరాడింది. టీ తాగే వేళ దాటిపోయింది. చెప్పే ఉంటాడు. ఆయన దారం తెంపుకుంటూ నన్ను తిట్టుకునే ఉంటాడు. తిట్టుకోనీ.

సాయంత్రం గుమస్తా గిటారుతో సహా దిగాడు. ఆమె స్పీకరు కాగితాన్ని రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కి, చెవి దగ్గర పెట్టి విన్నది. గీరుకోవడం లేదు. పెట్టెలో బిగించి, షాపులోని పాత ఆంప్లిఫయరుకి తగిలించింది. మీట నొక్కగానే ఏమీ కాలేదు. అవి అంతే, పిలవగానే పలకవు. కాసేపటికి వాల్వుల్లో ఎర్రటి చుక్కలు పుట్టి, నారింజ రంగుకి తిరిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన గది నిండా పరుచుకుంది. ఆయన చొక్కాలు ఉతికినా పోని వాసన అది.

గుమస్తా ఒక్క తీగ మీటాడు. ఆ స్వరం లావుగా లేచి, గదిలో నిలబడి, చివర్లో కొంచెం బొంగురుపోయింది, ఏడుపు ఆపుకున్న మనిషి గొంతులా. గుమస్తా కళ్ళు మూసుకున్నాడు.

"అదీ అక్కా. చివర్లో ఆ విరుపు. దానికోసమే."

వీధిలో బస్సు ఆగిన చప్పుడైంది. ఆమె గుమ్మంలోకి వెళ్ళింది. ఇద్దరాడవాళ్ళు దిగారు, గంప దింపారు. బస్సు కదిలిపోయింది. తలుపు పట్టుకుని ఆ వైపే చూస్తుండగా లోపల ఫోను మోగింది. గుమస్తా ఇంకో తీగ మీటి అరచేత్తో ఆపేశాడు.

"అమ్మా," అన్నాడు మేనేజరు. "పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు."

"వాళ్ళకోసారి ఫోనివ్వండి."

ఆమె ఇవ్వలేదు. అవతల మనిషి ఊపిరి తీసుకోవడం వినబడింది.

"టీకి లేస్తాడు కదా, అప్పుడు చెబుదామనుకున్నానమ్మా."

పెట్టెలోంచి బయటికి లాగిన ఇనప చట్రం బల్ల మీంచి జారిందట. కుడి చెయ్యి లోపల ఉండగానే, పడిపోకుండా పట్టుకున్నాడట. ఎవరైనా పట్టుకుంటారు. వెనకున్న చెయ్యి పిలవకుండానే వచ్చింది.

మర్నాడు హాలు వాళ్ళ వ్యానులో తెచ్చారు. ముందు గుమ్మంలోంచే బయటికి తీసుకొచ్చామని కాపలావాడు రెండుసార్లు చెప్పాడు. కొత్త ప్యాంటు ఎడమ జేబుకి కచ్చా కుట్టు ఒక్కటీ తెగలేదు. సంచిలో వాల్వుల కాగితాలు మడిచి పెట్టి ఉన్నాయి. అన్నం డబ్బా కడిగి ఉంది. దుప్పటి మడత విప్పలేదు.

తేవడం వేరు, రావడం వేరు. గురువారం పొద్దుటి బస్సుకి వెళ్ళిన ఒంటిచెయ్యి మెకానిక్ తిరిగి రాలేదు. ఆయన బల్ల పక్కన పాత ప్యాంటు ఇంకా మేకుకే ఉంది. ఎడమ జేబు లోపల కొత్త గుడ్డ, రెండు వరుసల కుట్టు, ఎవరి చేతి ఆకారమూ పడకుండా చదునుగా ఉంది.