ఒకటో నంబరు

గరిటెతో స్టీలు పళ్లెం మీద మూడుసార్లు కొట్టి, అటెండరు వంటింటి తలుపు పక్కనున్న పొడుగాటి బల్ల మీద కూర్చున్నాడు. ఎడమవైపు ఒకరికి చోటు వదిలి, కుడి చివర ఒదిగి. తెల్లజుట్టులో తడి దువ్వెన గీతలు, వేళ్లకి నలభయ్యేళ్లుగా వదలని స్టాంపు సిరా నీలం. ఎదురుగా అమ్మ కుర్చీ. అమ్మ పోయి పదకొండేళ్లయింది. బడి మాత్రం మూతపడలేదు. మూసెయ్యమని అమ్మ చెప్పలేదు మరి.

లేచి రిజిస్టరు తెరిచాడు. ఒకటో నంబరుకి టిక్కు పెట్టాడు. తర్వాత రెండో నంబరుకి. రెండో నంబరు తను.

రెండో తరగతిలో ఉండగా, ఎవరో పిల్లాడు నీళ్లసీసా ఎంగిలి చేశాడని అమ్మ ఆయన్ని బడి మాన్పించింది. "నా బిడ్డ, నా పలక, నా ఇష్టం" అంది. విచారణకొచ్చిన అధికారులిద్దరికీ కాఫీలిచ్చి, ఎక్కాలు అప్పజెప్పమంది. పంతొమ్మిదో ఎక్కం దగ్గర ఇద్దరూ నీళ్లు నమిలారు. మళ్లీ రాలేదు.

అలా ఇల్లే బడి అయింది. గంట, ప్రార్థన, పరీక్షలు, ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డు. మొదటి కార్డులో రెండో ర్యాంకు అని ఉంది.

"ఫస్టు ఎవరమ్మా?"

"నీ చదువు నువ్వు చూసుకో. పక్కవాళ్ల గొడవ నీకెందుకు?"

పిల్లాడికి పొగరెక్కకూడదని ఆవిడ ఉద్దేశం. ఎక్కలేదు. పదేళ్లకి పది రెండో ర్యాంకులు వచ్చాయి. ఒక ఏడాది నూటికి నూరు తెచ్చుకున్నాడు. అప్పుడూ రెండే. అమ్మ మంచాన పడ్డాక చివరిసారి అడిగాడు. ఆవిడ ఆయన పక్కనున్న ఖాళీని చూపించి, "చూసి నేర్చుకో" అంది.

"వెళ్లి రానా అమ్మా?" అని కుర్చీని అడిగి, జవాబుకి పట్టేంతసేపు ఆగి, విద్యాశాఖ ఆఫీసుకి బయల్దేరాడు.

ఆయన పని ఫైళ్లు మొయ్యడం, కాఫీలు అందించడం, ఆఫీసరు సంతకం పెట్టినచోట స్టాంపు గుద్దడం. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటామనే దరఖాస్తులన్నీ ఆ స్టాంపు కిందనించే వెళ్లేవి. ఆ భవనం మొత్తంలో ఇంట్లో చదువుకున్నవాడు ఆయనొక్కడే. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగందే మాట్లాడకూడదని ఆయన బడిలో నియమం.

ఆరోజు అలాంటి దరఖాస్తుతోనే ఒక జంట వచ్చింది. భార్యాభర్తలు లోపలికి వెళ్లారు. తొమ్మిదేళ్ల కూతురు వరండా బెంచీ మీద, కుడి చివర ఒదిగి కూర్చుంది. అటెండరు పక్కన కూర్చోబోయాడు.

"అక్కడ కాదు అంకుల్."

"ఎవరన్నా వస్తారా పాపా?"

"వచ్చారుగా. మా క్లాసు ఫస్టు."

అటెండరు సిరా వేళ్లు చొక్కాకి తుడుచుకున్నాడు. "మరి నీ ర్యాంకు?"

"సెకండు. ఎప్పుడూ సెకండే."

లోపల బెల్లు మోగింది. కాఫీలు పట్టుకెళ్లాడు.

"పిల్లని కన్నది మేమండీ, గవర్నమెంటు కాదు" అంటున్నాడు తండ్రి. "ఏం నేర్పాలో మా హక్కు."

"కాదన్నానా? కానీ తోటిపిల్లలుండాలి కదా, పోటీ ఉండాలి కదా" అన్నాడు ఆఫీసరు.

"పోటీ ఉందండీ! రెండేళ్లుగా ఇంట్లోనే చెబుతున్నాం కదా, ఫస్టు ర్యాంకు ఎవరికో వచ్చిందంటాం. మా అమ్మాయికి సెకండే ఇస్తాం. కసి పెరుగుతుంది."

"భలేవారండీ! మావాడి విషయంలో నాకిది తట్టనేలేదు" అని ఆఫీసరు మెచ్చుకోలుగా సంతకం పెట్టి, కాగితం అటెండరు వైపు తోశాడు.

స్టాంపు పడితే పాప చదువయ్యేదాకా ఇంట్లోనే. చెయ్యి పైకి లేచింది. లేచినచోటే ఆగింది.

"గుద్దవయ్యా, ముహూర్తం చూస్తున్నావా?"

"ఆ పాపని బడికి పంపండి బాబూ" అన్నాడు అటెండరు.

బీరువా మాట్లాడినట్టు చూశారు ముగ్గురూ.

"బళ్లో కొడతారు, ఎంగిలి చేస్తారు. నిజమే. కానీ ఫస్టు వచ్చినవాడు కనిపిస్తాడండీ. వాడికీ చీమిడి ముక్కే ఉంటుంది. నేను ఇంట్లోనే చదివాను. యాభయ్యేళ్లయింది. మా క్లాసు ఫస్టు ఎవరో నాకింకా తెలీదు."

"ఎవరండీ ఇతను, మా హక్కుల గురించి మాట్లాడ్డానికి?"

"మా అటెండరండీ" అన్నాడు ఆఫీసరు అయోమయంగా. "మాట్లాడతాడని నాకూ ఇవాళే తెలిసింది."

తల్లి లేచి తలుపు తీసింది. బెంచీ మీద కూతురు పక్కనున్న ఖాళీకి ఏదో మెల్లగా చెబుతూ, వింటూ, తలూపుతోంది. తల్లి ఆ ఖాళీ వంక చూసింది. వెనక్కొచ్చి, స్టాంపు కిందనించి కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగులో వేసుకుంది.

"ఏంటే ఇది?"

"హక్కు. సగం నాది. రేపట్నించి బడికే."

వెళ్తూ వెళ్తూ పాప అటెండరు దగ్గర ఆగింది.

"నాతో బడికి రారట అంకుల్. మీతో వస్తారట."

సాయంత్రం బస్సులో అటెండరు రెండు టికెట్లు తీసుకున్నాడు. ఎందుకని కండక్టరు అడగలేదు. ఆయన పక్క సీటు ఖాళీగానే ఉన్నా, నిలబడ్డవాళ్లెవరూ అందులో కూర్చోలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని బల్ల మీద కూర్చున్నాడు, కుడి చివర. కిటికీలో వెలుతురు పల్చబడుతోంది. యాభయ్యేళ్లలో మొదటిసారి, అమ్మ కుర్చీని అడక్కుండా, ఎడమవైపు తిరిగాడు.

"ఎవరు నువ్వు?"

మర్నాడు పళ్లెం మోగక పక్కింటాయన ఆఫీసుకి ఆలస్యమయ్యాడు. అలా తెలిసింది. నిన్న పొద్దుగూకేటప్పుడే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

"అప్పుడే కదండీ, ఇద్దరు ఒకటే నవ్వుకోవడం వినిపించింది" అంది పక్కింటావిడ. "చుట్టాలొచ్చారేమో అనుకున్నా. అన్నయ్యగారికి చుట్టాలేరీ, నా మతిమరుపు కాకపోతే!"

ఆయన బల్ల మీదే ఉన్నాడు. తల కాస్త ఎడమకి వాలి, పక్కవాళ్ల పలకలోకి తొంగిచూస్తున్నట్టు. అమ్మ కుర్చీ ముందు రిజిస్టరు తెరిచి ఉంది. ఇవాళ్టి తేదీ కింద ఒకే ఒక్క టిక్కు, ఒకటో నంబరుకి.